జాగ్రత్తలన్నీ ఒక్కరికే

మామగారి మాత్రలు ముట్టుకునే ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. ఆయనకు కిడ్నీ మార్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో అది శాసనం. కొత్త కిడ్నీని ఒళ్ళు పరాయిదని తరిమెయ్యకుండా ఉండాలంటే రోగనిరోధక శక్తిని మందులతో అణచి ఉంచాలి. అణచి ఉంచినంత కాలం ఎవరి తుమ్మైనా ఆయన పాలిట గండమే. అందుకని మాస్కు లేకుండా ఆయన గదిలోకి ఎవరూ పోకూడదు, ఆయన నిద్రపోతుంటే టీవీ మోగకూడదు, మనసు కష్టపెట్టే కబురేదీ ఆయన చెవిన పడకూడదు. ఇవన్నీ ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. పాటించే పని మాత్రం కోడలిది.

ఆ కోడల్ని ఆఫీసులో శాంతమ్మ అంటారు. అసలు పేరు అది కాదు. బట్టలుతికే మెషీన్ల కంపెనీలో ఫోన్లో ఫిర్యాదులు వినడం ఆమె ఉద్యోగం. మెషీను తిరగకపోతే దాన్ని తయారుచేసినవాణ్ణి ఎవరూ తిట్టరు, ఫోనెత్తినదాన్ని తిడతారు. ఎంత తిట్టినా ఆమె గొంతు లేవదు, అందుకే ఆ పేరు. "నవ్వు గొంతులో వినబడాలమ్మా" అని సూపర్‌వైజరు వెనకనుంచి గుర్తుచేస్తుంటాడు. ఆ నవ్వు పట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి దవడలు లాగేస్తాయి. ఇంటికొస్తే వంట, గిన్నెలు, మామగారి మందులు. రాత్రి ఆయన దగ్గినా లేవాలి, దగ్గకపోయినా ఎందుకు దగ్గలేదా అని లేవాలి. ఇంతా చేస్తే, "ఇంట్లో ఉన్నది ముగ్గురమేగా, అంత పనేముంటుంది?" అంటాడు భర్త. లెక్కకు ముగ్గురే, నిజమే. చేసేవాళ్ళు ఎందరో ఆయనెప్పుడూ లెక్కపెట్టలేదు.

ఈమధ్య ఆమెకు జలుబు వచ్చిందంటే పోవడం లేదు. నోటిపూత ఒకటి మానేలోపు ఇంకొకటి లేస్తోంది. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగితే, ఆ చిన్న గాటు మానడానికి బోలెడు రోజులు పట్టింది. "నీకెప్పుడూ ఏదో ఒకటి" అన్నాడు భర్త, ఆమె ఏదో సరదాకి తెచ్చుకున్నట్టు. అదే ఊళ్ళో ఉండే ఆడపడుచు ఫోన్లో ఇంకాస్త ముద్దుగా చెప్పింది. "ఒళ్ళు జాగ్రత్త వదినా. నువ్వు పడిపోతే నాన్నని చూసేదెవరు?" ఆ మాట విన్నప్పుడు శాంతమ్మకు ఒళ్ళు మండింది. తన ఒళ్ళు బాగుండాలని కోరుకోవడం కూడా తన కోసం కాదన్నమాట.

ఒకరోజు పొద్దున్నే కుడి డొక్క మీద నిప్పులు పోసినట్టు నొప్పి. అద్దంలో చూసుకుంటే వీపు నుంచి పొట్ట దాకా పట్టీలాగా ఎర్రటి పొక్కులు.

చర్మవైద్యురాలు చిన్నపిల్లలాగా ఉంది గానీ మాట గట్టిది. "సర్పి అంటారు దీన్ని. చిన్నప్పుడు చికెన్‌పాక్స్ వచ్చిందా? ఆ క్రిమి పోదండీ. నరాల్లో నిద్రపోతుంటుంది. ఒంట్లో కావలి తగ్గితే లేస్తుంది."

షుగరు లేదు, ఇంకే జబ్బూ కనిపించలేదు. వైద్యురాలు పెన్ను పక్కన పెట్టి, నిద్ర ఎలా పడుతుందని అడిగింది. శాంతమ్మ చెప్పడం మొదలుపెట్టి మామగారి మందుల దాకా వచ్చేసరికి ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆయనకి స్టెరాయిడ్ ఎందుకిస్తున్నారో తెలుసుగా?"

"ఇమ్యూనిటీ తగ్గించడానికి."

"బాగా వత్తిడిలో ఉంటే మన ఒళ్ళూ అలాంటిదే తయారుచేసుకుంటుంది. కాసేపైతే మంచిదే, ఆపదలో పరిగెత్తడానికి పనికొస్తుంది. ఏళ్ళ తరబడి అలాగే ఉంటే కావలి పాడైపోతుంది. మీకు ఇది ఒక్క వత్తిడి వల్లే వచ్చిందని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ మీ మామగారికి మేం మందులిచ్చి చేస్తున్న పని, మీకు మందుల్లేకుండానే జరుగుతోంది."

శాంతమ్మ జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం మర్చిపోయి అలాగే కూర్చుంది. ఆయనకొచ్చిన ప్రమాదమే తనకూ వచ్చింది. ఆయనకు చుట్టూ జాగ్రత్తలు, తనకు చుట్టూ పనులు. దురదృష్టం కాదు, గ్రహచారమూ కాదు. తెలిసిపోయాక భయం వెయ్యలేదు, చాలా కోపం వచ్చింది. ఆ కోపంలో ఏదో బలం కూడా ఉంది.

"పొక్కులు ఎండేదాకా మామగారి దరిదాపులకి వెళ్ళకండి" అని ఆవిడ మందులు రాసిచ్చింది.

ఇంటికొచ్చి చెబితే భర్త అడిగిన మొదటి మాట, "నాన్నకి అంటుకోలేదు కదా?" నొప్పిగా ఉందా అన్నది రెండో మాటైనా అవుతుందేమోనని చూసింది. కాలేదు. విడిగా బాత్రూం ఉన్నది ఆయన ఆఫీసు పని చేసుకునే గదికే. ఏకాగ్రత కావాలని ఎప్పుడూ తలుపేసుకునే ఆ గదిని, పాపం, గంటలో ఖాళీ చేసిచ్చాడు. తండ్రి మీద ప్రేమ అంటే అదీ.

గదిలో మొదటి రోజంతా తలుపు అవతలి నుంచి భర్త ప్రశ్నలే. స్టెరాయిడ్ తినకముందా, తిన్నాకా? నీళ్ళు ఎంతసేపు మరగాలి? శాంతమ్మ మంచంలోంచే జవాబులిచ్చింది. మర్నాడు జవాబివ్వలేదు, ఎందుకంటే నిద్రపోతోంది. నొప్పి మాత్ర పనిచేసిన కాసేపూ ఒళ్ళెరక్కుండా నిద్ర. లేచేసరికి ఆయనెలాగో తంటాలుపడి మందులిచ్చేశాడు. ఇల్లు ఇల్లుగానే ఉంది. ఆ సంగతి ఆమెకు కొంచెం చిన్నతనంగానూ, అంతకంటే ఎక్కువ హాయిగానూ అనిపించింది.

మామగారు పక్క గదిలోంచి ఫోన్ చేశారు. "పడుకో అమ్మాయ్. వాడి వంట తిని కూడా బతికే ఉన్నాను. ఇంక నాకేం భయం లేదు."

ఆమె పగలబడి నవ్వింది. డొక్క కలుక్కుమన్నా నవ్వు ఆపుకోలేదు. ఆ నవ్వు ఎవరి ఫిర్యాదుకీ జవాబు కాదు.

తర్వాత ఆఫీసుకు ఫోన్ చేసి, ఫోనెత్తే పని కాకుండా ఇంకో విభాగానికి మార్చమని అడిగింది. చూద్దాంలే అన్నాడు సూపర్‌వైజరు. "చూడకండి, మార్చండి" అంది. గొంతు లేచింది. అయితే పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు అతను.

పొక్కులు ఎండి పక్కు కట్టాక భర్త తలుపు తట్టాడు. మొహం వెలిగిపోతోంది. "డాక్టరుకి ఫోన్ చేశాను. ఇక ప్రమాదం లేదన్నారు. బయటికి రా."

శాంతమ్మ తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. "పొద్దుటి మందులు మీకు అలవాటయ్యాయిగా, అవి మీరే ఇవ్వండి. రాత్రిళ్ళు లేచేది మీరూ మీ చెల్లెలూ వంతులేసుకోండి. నేను ఇక్కడే పడుకుంటాను."

"అదేంటి?" ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "ప్రమాదం లేదన్నారుగా?"

"నా వల్ల మీకు లేదన్నారు" అంది శాంతమ్మ. "మీ వల్ల నాకు లేదని ఇంకా ఎవరూ అనలేదు."