నలభై ఏడో నంబరు పంచ్

యర్రయ్య కాళ్ళు పట్టుకుని లాగితే బూట్లొచ్చాయి గానీ మనిషి రాలేదు.

పైపులో తల దూర్చి పడున్నోడు రమేష్. పనికొచ్చిన ఆ పరాయి దేశంలో, సెంబవాంగ్ యార్డు మొత్తం మీద వాణ్ని మించిన వెల్డరు లేడు. వాడు అతుకేస్తే చీమ కూడా మోసపోయేది. ఒక పైపు ఎక్కడ అయిపోయిందో, రెండోది ఎక్కడ మొదలయ్యిందో తెలీక అక్కడక్కడే తచ్చాడి ముసలిదైపోయేది. నమ్మకపోతే యర్రయ్యనడగండి. ఆ చీమని చూసినోడు ఆయనొక్కడే.

రెండోసారి యర్రయ్యా, కుర్ర వెల్డరు అనిల్‌కుమారూ కలిసి నడుం పట్టుకు లాగారు. రమేష్ బయటికొచ్చాడు. మొహం నేరేడు పండు రంగు తిరిగిపోయింది. ఊపిరుంది. పిలిస్తే పలికే మనిషి లేడు.

ఆర్గాన్ అని ఒక గాలుంటుంది. రంగు లేదు, వాసన లేదు. అతుకు లోపలివైపు మాడిపోకుండా పైపు నిండా దాన్ని పడతారు. ఇనుముకి అమృతం, మనిషికి యముడు. అందులో తల పెట్టి రెండు గుక్కలు పీల్చావంటే దగ్గు కూడా రాదు, అలాగే వాలిపోతావు. అందుకే లోపలికి చూడ్డానికి సన్న గొట్టం లాంటి కెమెరా ఉండాలి. ఉండేది. పాడై మూడు వారాలయ్యింది.

"లైసెన్సు ఫొటోలు ఇవాళే వెళ్ళాలయ్యా. కొంచెం తల పెట్టి చూడండి, ఎంతసేపు" అని ఆ పొద్దున్నే రమేష్‌ని తొందరపెట్టాడు జనార్ధనరావు. ఆయన యార్డులో కాయితాలు చూసే ఇంజినీరు. కాకినాడ మనిషి. హౌగాంగ్‌లో ఫ్లాటు, మెళ్ళో కార్డు, నోట్లో ఎప్పుడూ లైసెన్సు.

ఎండకి కళ్ళు తిరిగి పడిపోయాడని రాసుకుంది కంపెనీ. ఎనిమిది రోజులు ఆస్పత్రి. తర్వాత విమానంలో మూడు సీట్లు మడిచి, మంచమేసి, రమేష్‌ని శ్రీకాకుళం పంపించేశారు. కాయితం మీద 'సెలవు' అని ఉంది. పన్నెండో రోజు పొద్దున్న కవిటి నుంచి యర్రయ్యకి ఫోనొచ్చింది.

"సచ్చిపోనాడు బావా" అన్నాడు అవతల రమేష్ తమ్ముడు. యార్డులో సైరన్ కొట్టింది, యర్రయ్య పనిలోకి నడిచాడు.

ఇప్పుడు ఆ లైసెన్సేంటో చెప్పాలి. సముద్రాలవతల ఒక దేశంలో ఒక పెద్ద సేటు యురేనియం ప్లాంటు కట్టుకుంటున్నాడు. యురేనియమంటే చెరుకురసం అనుకోండి. భూమిలోంచి తీసినప్పుడు పల్చన. దాన్ని గాలిగా మార్చి, వేల గొట్టాల్లో బొంగరంలా తిప్పి తిప్పి చిక్కబెడతారు. బెల్లం వంటే. కాకపోతే ఈ పానకం ఒక్క చుక్క కారి చెమ్మ తగిల్తే ఆసిడ్డైపోయి ఊపిరితిత్తులు తినేస్తుంది. ప్లాంటు సర్కారుది కాదు, ప్రైవేటు సొత్తు. అందుకని లైసెన్సిచ్చే ఆ దేశం ఆఫీసు గట్టిగా అడిగింది. ప్రతి అతుకూ ఎవడు వేశాడు? వాడు పరీక్ష పాసయ్యాడా? పని చోట ప్రమాదాలేమైనా జరిగాయా? ఇవన్నీ చూశాకే లైసెన్సు.

ఆ పైపులు తయారయ్యేది మన యార్డులో. వెల్డరుకో నంబరు. ఆ నంబరు చెక్కిన ఉక్కు పంచ్ వాడి దగ్గరుంటుంది. అతుకు అయ్యాక పక్కనే పెట్టి సుత్తితో ఒక్కటిస్తాడు. ఇనుములో దిగిన నంబరు తుడిస్తే పోదు. అరగదీస్తే పైపు పల్చబడి పనికిరాకుండా పోతుంది. యర్రయ్యది నూట పన్నెండు. రమేష్‌ది నలభై ఏడు. పెద్ద పైపుల పరీక్ష పాసైనోడు నలభై ఏడొక్కడే.

ఫోనొచ్చిన ఆ పొద్దున్నే జనార్ధనరావు వచ్చి పంచ్ ఒకటి చేతిలో పెట్టాడు.

"యర్రయ్యా, ఇది రమేష్‌ది. పెద్ద అతుకులు ఇకమీద మీరంతా కలిసి వెయ్యండి. దీంతోనే కొట్టండి. వాడి పేరు నిలబెట్టినట్టుంటుంది."

యర్రయ్య రెండు చేతుల్తో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. మరి ఆయుధపూజకి షెడ్డులో పంచ్‌లన్నీ వరసగా పెట్టి బొట్లు పెట్టేది వాళ్ళే. పోయిన దసరాకి రమేష్ పెట్టిన కుంకం ఆ పంచ్ గాడిలో ఇంకా ఎండి ఉంది. మనవడికి తాత పేరు పెట్టుకున్నట్టు అనుకున్నాడు పాపం. పద్నాలుగు మంది వెల్డర్లు ఆ పంచ్‌ని చేతులు మార్చుకుంటూ, కొట్టే ముందు ఒకసారి దండం పెట్టుకుంటూ, రెండు నెలల్లో ముప్ఫై ఒక్క అతుకుల మీద నలభై ఏడు కొట్టారు. అందులో పదకొండు యర్రయ్యవి.

యార్డు క్యాంటీన్‌లో అన్నం పెట్టేది రత్తమ్మ. బ్రిటిషోడు అక్కడ నేవీ బేసు కట్టినప్పుడు కూలికొచ్చిన విశాఖ మనుషుల మనవరాలు. ఆమె తెలుగులో సగం అరవం, పావు మలాయ్. మిగతా పావు తిట్లు. ఆమె మనవరాలు మహతి పాలిటెక్నిక్ చదువుతూ సెలవుల్లో గరిటె పట్టేది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఫోన్లో ఏదో చదువుతూ చారు పొయ్యడం మర్చిపోయింది.

"అంకుల్, మీ ప్లాంటు లైసెన్సు పేపర్స్ నెట్‌లో పెట్టారు, ఎవరైనా చదవొచ్చు లా" అంది యర్రయ్యతో, అక్కడి అలవాటు కొద్దీ మాట చివర ఒక 'లా' తగిలించి. "రమేష్ అంకుల్ చనిపోయారన్నారు కదా. ఇక్కడ పనిలో ఉన్నారని రాశారు. లాస్ట్ అతుకు మొన్న మంగళవారం."

"మంగళవారమా? మంగళవారం కొట్టింది నానే గదమ్మా."

"ప్రమాదాలు అని ఇంకో గడి ఉంది. జీరో."

యర్రయ్య పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు. అనిల్‌కుమార్ వెనకనుంచి మెల్లగా అన్నాడు, "నీ సేత్తోనే ఆణ్ని బతికించీసినావు మావా. బతికున్నోడికి ప్రమాదమేటి?"

"ఆ పంచ్‌కి దండం కూడా పెట్టినాను రా."

"నువ్వే కాదు. అందరం పెట్టినాం."

ఆ రోజు యర్రయ్య అన్నం తినలేదు. చచ్చినోణ్ని చచ్చాడని కాయితం మీద రాయించాలి. అదొక్కటే పట్టుకుంది మనసుని. తెలియక పదకొండుసార్లు ఆ చావుని తన సుత్తితోనే పూడ్చేశాడు మరి.

మీటింగు పెట్టుకోవాలన్నాడు అనిల్‌కుమార్. ఎక్కడ పెడతారు? యార్డున్న దేశంలో పదిమంది కలిసి తింటే మకాన్, అంటే భోజనం అంటారు, పదిమంది కలిసి న్యాయం మాట్లాడితే పర్మిషనేదీ అంటారు. అప్పుడు రత్తమ్మే దారి చెప్పింది.

"క్యూలో నిలబడటానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు డా. ముందోడి చెవిలో ఒక మాట, వెనకోడి చెవిలో ఒక మాట. నా గరిటె దగ్గరికొచ్చేసరికి తీర్మానం అయిపోవాల. సెరియా?"

అలా మొదలయ్యింది క్యూ మీటింగు. మాట తోక దగ్గర పుట్టేది, చారు గిన్నె దగ్గర తేలేది. తెలుగులో బయల్దేరిన మాట నడిమిట్లో తమిళం అయ్యేది, బంగ్లాదేశ్ తమ్ముళ్ళ దగ్గర బెంగాలీ అయ్యేది, రత్తమ్మ దగ్గరికి మళ్ళీ తెలుగై వచ్చేది. ఒక్కోసారి దారిలో కారం ఎక్కువై వచ్చేది.

"పనాపుదాం" అన్నాడు అనిల్‌కుమార్ తోక నుంచి.

"ఆపితే పని పర్మిట్టు కొట్టేత్తారు. రేపే ఇమానం" అని ముందునుంచి జవాబు.

"మరి ఎవడికి సెప్పుకుంతాం?"

క్యూ ముందుకి జరిగింది. గరిటె దగ్గరికొచ్చాక యర్రయ్య అన్నాడు, "ప్లాంటొక దేశంలో. యార్డొక దేశంలో. శవమొక దేశంలో. ఏ దేశపోడు ఇంతాడు ఆంటీ మన మాట?"

"సుసా నాయనా, కష్టమే" అని మలాయ్‌లోనూ తెలుగులోనూ చెప్పి అతనికి రెండు ముక్కలెక్కువ వేసింది రత్తమ్మ. ఆమె దగ్గర ఉన్న జవాబు అదే.

ఉండబట్టలేక మహతి చెప్పింది, ఆ లైసెన్సు మీద ఎవరైనా అభిప్రాయం రాయొచ్చని, ముప్ఫై రోజులు గడువుందని. నలభై మూడు మంది రాశారు. వాళ్ళు క్యూలో చెప్తుంటే పిల్ల ఇంగ్లీషులో టైపు కొట్టింది. రమేష్ చనిపోయాడు, నలభై ఏడు అతను కాదు, ఆ అతుకులు మేం వేశాం, మాకు ఆ పరీక్ష లేదు. పెద్దాయన ఒకడు రాయడం రాక తన ఊరి పేరు, తల్లి పేరు మాత్రం చెప్పాడు, అవే పంపింది.

నలభై మూడు జవాబులొచ్చాయి. అక్షరం తేడా లేదు. 'మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు. ఈ విషయం మా పరిధిలోనిది కాదు. విదేశీ కార్మిక వ్యవహారాలకు అక్కడి కంపెనీని సంప్రదించగలరు.' తల్లి పేరు రాసిన పెద్దాయనకీ అదే. "మాయమ్మ కూడా ఆళ్ళ పరిధిలో లేదంతరా?" అని నవ్వాడు ముసలాడు. అందరూ నవ్వారు. నవ్వయ్యాక ఎటు చూడాలో ఎవరికీ తెలీలేదు.

జనార్ధనరావుకి మాత్రం సంగతి తెలిసిపోయింది. యర్రయ్యని పక్కకి పిలిచాడు.

"ఏంటయ్యా ఇదంతా? వచ్చేవారం ఆ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది. నలభై ఏడుని చూపించమంటే నువ్వు నిలబడు. హెల్మెట్ మీద నంబరు మారుస్తాను. నీకు ఇంకో రెండేళ్ళు పర్మిట్టు రాయిస్తా."

"ఆడు సచ్చిపోనాడు సార్."

"నాకు తెలీదా? నేను బాధపడలేదా? పైపులు ఇక్కడ ఆగిపోతే నా ఉద్యోగమూ పోతుంది, నీదీ పోతుంది. పోయినోడు తిరిగొస్తాడా?"

ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. అది చూసే యర్రయ్యకి భయం వేసింది. ఏడుస్తూ కూడా అబద్ధం రాయగలడు కదా ఈ మనిషి.

ఆ మధ్యాహ్నం క్యూలో మాట యర్రయ్య దగ్గర పుట్టింది. పొట్టి మాట. "ఎవుడి నంబరు ఆడు కొట్టాల." గరిటె దగ్గరికొచ్చేసరికి ఒక్క భాషలోనూ మారలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ బుధవారం పొద్దున్న వచ్చింది. తెల్ల హెల్మెట్, చేతిలో పలక లాంటి ఫోను. ముప్ఫై ఒక్క పైపులు కొండచిలవల్లా వరస మీద పడున్నాయి. జనార్ధనరావు నవ్వుతూ చూపించాడు, "ఇతనే నలభై ఏడు."

యర్రయ్య హెల్మెట్ తీశాడు. దాన్ని నేల మీద పెట్టాడు. వచ్చిన ఇంగ్లీషంతా వాడేశాడు.

"ఫోర్టీ సెవెన్ డెడ్, మేడమ్. రమేష్. ఐ యామ్ వన్ వన్ టూ."

జేబులోంచి తన పంచ్ తీశాడు. దగ్గర్లో ఉన్న పైపు మీద నలభై ఏడు పక్కనే పెట్టి సుత్తెత్తాడు. టంగుమంది. అది చూసి గ్రైండరు పట్టినోడు గ్రైండరాపాడు. క్రేనోడు క్రేనాపాడు. పెయింటోళ్ళు, హెల్పర్లు, ఊడ్చేవాళ్ళు, అందరూ. మూడు వందల మంది యార్డు. సముద్రం కూడా ఆగి చూసిందని యర్రయ్య చెప్తాడు, చేపలు తలలెత్తాయని కూడా చెప్తాడు. ఆ నిశ్శబ్దంలో పద్నాలుగు సుత్తులు వినబడ్డాయి. తాను వేసిన అతుకు దగ్గరికి తాను నడిచెళ్ళి ఎవడి నంబరు వాడు కొట్టాడు. ముప్ఫై ఒక్క దెబ్బలు. ఎక్కడా తొందర లేదు.

"ఆపండ్రా, పైపులు పాడైపోతాయి" అన్నాడు జనార్ధనరావు.

ఇన్‌స్పెక్టరమ్మ ప్రతి పైపుకీ ఫొటో తీసుకుంది. వెళ్ళేముందు యర్రయ్య హెల్మెట్‌ని నేల మీంచి తీసి అతని చేతికిచ్చింది. అంతే.

ఏమైందంటారా? ఏమవుతుంది. సాయంత్రానికి పద్నాలుగు పర్మిట్లు పోయాయి. వారానికి ఆఫీసు కాయితం నెట్‌లోకొచ్చింది, మహతి చదివి వినిపించింది. 'స్టాంపుల విషయంలో స్వల్ప తేడా గమనించాం. ముప్ఫై ఒక్క అతుకులను తిరిగి పరీక్షించే షరతుతో లైసెన్సు ప్రక్రియ కొనసాగుతుంది.' రమేష్ పేరు అందులో ఎక్కడా లేదు. ఆ పిల్ల మళ్ళీ మొదట్నుంచి చదివింది. రెండోసారి కూడా లేదు.

"ఇంత సేసీ ఆడి పేరు రాయించలేకపోనాం" అన్నాడు యర్రయ్య.

చాంగీ ఎయిర్‌పోర్టులో మొదటి బ్యాచీని కూర్చోబెట్టారు. యర్రయ్య, ఇంకో ఆరుగురు. పక్కన కంపెనీ పంపిన కాపలావాళ్ళిద్దరు. అనిల్‌కుమార్ రెండో బ్యాచీ, రేపు. మధ్యాహ్నం పన్నెండున్నరకి యర్రయ్య ఫోను మోగింది. రత్తమ్మ.

"మాట్లాడకు. విను" అని ఫోను చారు గిన్నె పక్కన పెట్టేసినట్టుంది. పళ్ళేల చప్పుడు. గరిటె చప్పుడు. కొత్తగా దింపిన మనుషుల కాళ్ళు. ఆ ముప్ఫై ఒక్క పైపుల్నీ మళ్ళీ పరీక్షించడానికి తెచ్చిన వాళ్ళు.

క్యూ తోక దగ్గర్నుంచి ఏదో మాట బయల్దేరింది. దూరంగా బెంగాలీలో వినబడింది. కాస్త దగ్గరికొచ్చి తమిళం అయ్యింది. ఇంకా దగ్గరికొచ్చింది. చివరికి గరిటె ముందు నిలబడ్డ మనిషెవడో, ఇచ్ఛాపురం యాసలో, రత్తమ్మనడిగాడు.

"అమ్మా, ప్రతి పైపు మీదా రెండేసి నంబర్లున్నాయి. ఈ నలభై ఏడెవరిదమ్మా?"

గరిటె ఆగింది. రత్తమ్మ ఫోను చేతిలోకి తీసుకుని వాడి వైపు తిప్పింది.

విమానానికి లెగమని కాపలావాడు భుజం మీద తట్టాడు. యర్రయ్య లేచాడు గానీ అడుగెయ్యలేదు.

"రమేష్‌ది" అన్నాడు ఫోన్లోకి, అందరికీ వినబడేలా. "కవిటి రమేష్‌ది. మీ యార్డులోనే పడిపోనాడు. పళ్ళెం అట్టుకుని నిలబడు తమ్ముడూ, సెబుతాను. ఎనకోడికి కూడా సెప్పు."