కిడ్నీకేం కాదు సార్

ఉమాకాంత్ మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. చిక్కడపల్లిలో డాక్టర్ వీరరాఘవరావు క్లినిక్ అంటే అతనికి అత్తగారింట్లో ఉన్నంత చనువు. పేషెంట్లందరూ వెళ్లిపోయాక లోపలికి దూరి, నొప్పులకు తమ కంపెనీ తెచ్చిన కొత్త గోళీ గురించి గడగడా అప్పజెప్పి వచ్చేవాడు. కంపెనీ ఖర్చుతో గోవా మీటింగుకు టికెట్లు వేయించాక డాక్టరు ఆ గోళీ తప్ప ఇంకోటి రాయడం మానేశాడు. "కిడ్నీ వీకున్నోళ్లకు కూడా రాయొచ్చు సార్, ఏం కాదు" అన్నాడొకసారి ఉమాకాంత్. అది పచ్చి అబద్ధం. అమ్మకాల టార్గెట్ నెత్తి మీద కూర్చుంటే నోటికి అడ్డేముంటుంది?

ఆదివారం పొద్దున అశోక్‌నగర్‌లో తమ ఇంట్లో టిఫిన్ చేస్తుంటే తల్లి దమయంతి పాదాలు కనబడ్డాయి. పొంగిన పూరీల్లా ఉన్నాయి. షుగర్ వల్ల ఆమె కిడ్నీలు ఇప్పటికే అంతంత మాత్రం.

"కాళ్లేందమ్మా గట్ల ఉబ్బినయ్?"

"ఏం లేదు బిడ్డా. మోకాళ్ల నొప్పులని మీ డాక్టర్ సార్ దగ్గరికి పోయిన. ఉమాకాంత్ అమ్మనంటే ఫీజు గూడ తీస్కోలే. మీ కంపెనీ గోళీలే రాసిండు. నొప్పి మాయమైంది. బంగారమసుంటి మనిషి."

రెప్రజెంటేటివ్ ఇంటివాళ్లొస్తే అతని కంపెనీ మందే రాయడం డాక్టర్లు చేసే మర్యాద. ఉమాకాంత్ డాక్టరుకు అక్కడికక్కడే ఫోన్ కొట్టాడు.

"సార్, అమ్మకు కిడ్నీ ప్రాబ్లం..."

"చెప్పిందయ్యా. ఏం కాదని నువ్వే అన్నవ్ కద, ధైర్యంగ రాసిన. అందరికీ అదే రాస్తున్న. ఏమన్న తేడా ఉన్నదా?"

ఉందని చెప్పాలి. చెబితే ఆ గుమ్మం మళ్లీ తొక్కలేడు, ఉద్యోగమూ ఊడుతుంది. పాడు నాలుక "ఏం లేదు సార్" అనేసింది.

ఫోన్ పెట్టేసి గోళీల షీటు లాక్కుని, కిటికీలోంచి విసిరేశాడు. "వేస్కోకమ్మా. కిడ్నీలు పోతయ్. ఆయనకు నేనే అబద్ధం చెప్పిన."

దమయంతి నవ్వింది. "గంత చదివినాయన నువ్వు చెప్తే రాస్తడారా? ఇప్పుడే కద ఫోన్ల ఏం లేదన్నవ్."

అతను ఒట్టేశాడు, ఏడ్చాడు, దండం పెట్టాడు. తన మీద బెంగతో పిల్లాడు పరేషాన్ అయ్యాడనుకుని ఆమె తల నిమిరింది. డాక్టరు చీటీ తీసుకుని మెడికల్ షాపుకు బయల్దేరింది. ఉబ్బిన పాదాలకు చెప్పులు పట్టకపోతే వట్టి కాళ్లతోనే మెట్లు దిగింది.