సముద్రానికి గంజి

పొద్దున్నే లాండ్రీ తలుపు తీయగానే గంజమ్మ చేసే మొదటి పని రేడియో పెట్టడం, రెండో పని పెద్ద రేకు తొట్టిలోకి తొంగిచూడటం. రేడియోలో తీర ప్రాంత వాతావరణ సూచన చదివేది ఆవిడ ఆడపడుచు. తొట్టిలో వాతావరణం చూపించేది ఆవిడ మొగుడు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే కాబట్టి చాలావరకు మాట కలిసేది.

తొట్టి సంగతి ఊరందరికీ తెలిసిందే. పెళ్ళైన మర్నాటి నుంచీ గంజమ్మ ఉతికే తొట్టిలో నీళ్ళు, ఆవిడ మొగుడి పడవ కింద సముద్రం ఎలా ఉంటే అలా ఉంటాయి. ఆయన చేపల పడవలో ఇంజను మనిషి. సముద్రం కాస్త అలల మీదుంటే బట్టలు వాటంతటవే గుంజుకుని, పొర్లుకుని, మురికి వదిలించుకునేవి. పడవ రేవులో కట్టేసి ఉన్న రోజు నీళ్ళు కదలవు, ఆ రోజు ఆవిడ చేతుల్తో ఉతుక్కోవాలి. "మీ ఆయన ఇంట్లో ఉంటేనే నీకు చాకిరీ ఎక్కువమ్మా" అని బట్టలేసే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏ ఇంట్లో కాదు గనకా?" అనేది గంజమ్మ.

ఒకసారి చెయ్యి జారి నీలిమందు పొట్లం మొత్తం తొట్టిలో పడిపోయింది. మొగుడు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "ఏమే, తెల్లబట్టలు ఎక్కువొచ్చాయా? సముద్రం నీలం తిరిగిపోయి వల ఎక్కడేశామో మాకే కనపళ్ళేదు" అన్నాడు. ఈవిడ నాలిక కరుచుకుంది. అక్కడితో ఆ సంగతి అయిపోయింది.

గంజమ్మ అన్నది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు, ఆవిడ చేతిగుణం చూసి ఊరు పెట్టిన పేరు. కాలరుకి ఒక పాకం, దుప్పటికి ఒక పాకం. కాలరు గంజి అయితే గరిటె నిలబడాలి. దుప్పటి గంజి అయితే వేళ్ళ సందుల్లోంచి ముట్టుకోనట్టే జారిపోవాలి. ఆవిడ గంజి పెట్టిన చొక్కా వేసుకుంటే పిరికివాడు కూడా నిటారుగా నడుస్తాడని ఊళ్ళో మాట.

ఆ పొద్దున రేడియోలో ఆడపడుచు గొంతు ఎప్పట్లాగే ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. "తుఫాను తీరానికి దూరంగా, సముద్రం మీదుగానే ఉత్తర దిశగా సాగిపోతోంది. తీర ప్రాంతాలకు ప్రమాదం లేదు. ఆకాశం మబ్బుగా ఉంటుంది. అక్కడక్కడా చిరుజల్లులు పడవచ్చు."

ఊరు ఊపిరి పీల్చుకుంది. కిటికీలకి అడ్డం కొట్టిన చెక్కలు ఊడపీకే చప్పుడు వీధి పొడుగునా మొదలైంది. బడి సెలవు పోయినందుకు పిల్లలు మొహాలు వేలాడేశారు. లాండ్రీ షాపాయన మీసం దువ్వుకుంటూ, "చూశావా గంజమ్మా, దూరంగా పోతోందట! హోటలు దుప్పట్లు ఇవాళే అయిపోవాలి మరి" అన్నాడు.

"దూరంగా అంటే ఎవరికి దూరం అండీ?" అంది గంజమ్మ.

షాపాయన మీసం మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆవిడ మొగుడి పడవ హెచ్చరిక రాకముందే బయల్దేరి వెళ్ళిపోయింది. అందులో అయిదుగురు మనుషులు.

తొట్టిలో దుప్పట్లు ఒకదాని పీక ఒకటి పట్టుకున్నాయి. గంజమ్మ లాగి బయట పడేసేలోపు నీళ్ళు గోడలా లేచి, విరిగి, మళ్ళీ లేచాయి. రేకు దడదడలాడింది. మూల స్టూలు మీద కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టే అత్తగారు సూది నోట్లోనే పెట్టుకుని వచ్చి చూసింది.

"వద్దంటే పంపించావు కదే" అంది.

"నేనా పంపించింది? డీజిలు పోసుకుని, నా మాట వినకుండా పోయాడు మీ కొడుకు."

"వాడికి మాట వినే బుద్ధే ఉంటే నిన్నెందుకు చేసుకుంటాడు?"

రోజూ అయితే ఈ మాటకి గంజమ్మ దగ్గర మూడు జవాబులుండేవి. ఇవాళ ఒక్కటీ రాలేదు. అది చూసి అత్తగారికి అసలు భయం వేసింది.

గల్లాపెట్టె పక్కన ఫోను మోగింది. ఆడపడుచు.

"అమ్మాయ్, తొట్టి కదులుతోందా?"

"కదలడమా వదినా! ఎగిరి మీద పడుతోంది."

"పడనీ. కదిలినంతసేపూ తమ్ముడు ఉన్నట్టే. దాని దగ్గర్నించి పక్కకి పోకు."

"మరి నువ్వు ప్రమాదం లేదని చదివావు?"

"తీరానికి లేదని చదివాను." ఇస్త్రీ మడత విడిపోయింది ఆ గొంతులో. "పడవల గురించి నాకిచ్చిన కాగితంలో ఒక్క ముక్కే ఉంది, వేటకు వెళ్ళరాదు అని. వెళ్ళినవాళ్ళకి ఏం చెప్పాలో రాయలేదు అమ్మాయ్."

ఫోను పెట్టేసి చూస్తే తొట్టి అంచు మీంచి నీళ్ళు బయటికి ఒలుకుతున్నాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఒలకలేదు. ఒలికితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. గంజమ్మ బోర్లా పడి రెండు చేతుల్తో తొట్టిని కావలించుకుంది. ఆపితే ఆగుతుందా? మొహాన కొట్టిన నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. తుడుచుకుంటూ ఉండగా ఆవిడకి తన పనే గుర్తొచ్చింది.

"అత్తయ్యా, పొయ్యి వెలిగించండి. ఒట్టి నీళ్ళు ఎగురుతాయి గానీ గంజి ఎగురుతుందా?"

"సముద్రానికి గంజి పెడతావా? ఇస్త్రీ కూడా నువ్వే చేసి పంపిస్తావా?" అంటూనే అత్తగారు పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పి సంగతి ఆ మోకాళ్ళే మర్చిపోయాయి. పిండి కలిపింది, ఉడికించింది, పెద్ద గిన్నె షాపాయన చేత మోయించింది.

"వేడిగా పొయ్యకే! చేపలు ఉడుకుతాయి, మావాడితో సహా" అంది. చల్లారేదాకా ముగ్గురూ విసనకర్రలు, అట్టలు, చేతికి దొరికింది పట్టుకుని విసిరారు. ఆ విసరడంలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కాలరు గంజి. గరిటె నిలబడే గంజి. గిన్నెడూ కుమ్మరించింది గంజమ్మ. లేవబోయిన అల సగంలో బద్ధకించి, నిద్రమత్తులో ఉన్న మనిషిలా వెనక్కి ఒరిగింది. ఇంకో గిన్నె. ఒలకడం ఆగింది. దడదడ ఆగింది. షాపాయన చప్పట్లు కూడా కొట్టాడు.

"కదలట్లేదే" అంది అత్తగారు.

అవును, కదలట్లేదు. ఉప్మా గిన్నెలా నిమ్మళంగా, నున్నగా ఉంది. పడవ రేవులో ఉంటే నీళ్ళు కదలవు. పడవ మునిగినా కదలవు. ఇన్నాళ్ళూ గంజమ్మ భయపడ్డది ఆ రెండో నిమ్మళానికే. ఇప్పుడు మూడోది తనే తెచ్చిపెట్టుకుంది. ఆ నున్నదనం కింద మనుషులున్నారో లేరో చెప్పడానికి ఆ తొట్టి తప్ప దారి లేదు, ఆ దారి తన చేత్తోనే మూసేసింది.

"ఏం చేశావే!" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది. కోడలు కింద కూలబడి తొట్టి రేకుకి చెవి ఆనించింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, ఎక్కడో దిండు కింద గడియారం పెట్టినట్టు, డుగ్... డుగ్... డుగ్.

"ఇంజను అత్తయ్యా! రండి, వినండి!"

అత్తాకోడళ్ళు చెరోపక్క చెవులానించి, తొట్టి నడుమ పెట్టుకుని పడుకున్నారు. ఏడేళ్ళ కాపురంలో వాళ్ళు ఒకే మాట విన్నది అప్పుడే. కానీ ఆ చప్పుడు లాగి లాగి వస్తోంది. పడవ అడుగున తిరిగే పంకా గంజిలో కూరుకుపోయింది.

అప్పుడే రేడియోలో మధ్యాహ్నం సూచన. "తుఫాను తీరానికి దూరంగా ఉన్నచోటే నిలిచిపోయింది. కారణం తెలియరాలేదు. తీర ప్రాంతాలకు ప్రమాదం లేదు." చివరి మాట అవగానే ఫోను మోగింది.

"అమ్మాయ్, ఏం పోశావు?"

"గంజి."

"ఏ గంజి?"

"కాలరు గంజి."

"ఆగిపోయింది అమ్మాయ్. సరిగ్గా వాళ్ళ నెత్తిన ఆగిపోయింది. కింద నీళ్ళు కదలకపోతే పైనున్న గాలి ఎటు పోతుంది?"

ఇక చేయాల్సింది ఒకటే. మంచినీళ్ళు పోసి పలచన చెయ్యాలి. అంటే అణిగిన అలల్ని మళ్ళీ లేపాలి. గంజమ్మ చెంబు తీసింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు. కనీసం మునగకుండా ఉన్నాడు. అలాగే ఉండనీ."

"డీజిలు అయిపోయేదాకానా అత్తయ్యా?"

"పోశావంటే నా కొడుకుని నువ్వే ముంచినట్టు."

"పోయకపోతే నేనే కట్టేసినట్టు" అంది గంజమ్మ. "మీరు ఎలా చెప్తే అలా చేస్తాను. చెప్పండి. తర్వాత నన్ను తిట్టుకోవచ్చు, మీ ఇష్టం. కానీ ఇప్పుడు చెప్పండి."

రేకులో చప్పుడు డుగ్ మని ఆగి, ఇంకోసారి రావడానికి ఆలోచించింది. అత్తగారు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యితో సహా చెంబు వంచింది.

ఒక్కో చెంబు పోయడం, వేళ్ళు ముంచి చూడటం. వేళ్ళకి అంటుకుంటే ఇంకో చెంబు. అల బెత్తెడు లేస్తే ఆగడం, రవ్వంత గంజి కలపడం, మళ్ళీ చెవి ఆనించడం. కాలరుకీ దుప్పటికీ మధ్య ఇన్ని పాకాలుంటాయని గంజమ్మకి కూడా తెలీదు. చీకటి పడింది, షాపాయన ఇంటికి పోలేదు, ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. తెల్లవారేసరికి గంజి ఆవిడ వేళ్ళ సందుల్లోంచి ముట్టుకోనట్టే జారింది. డుగ్డుగ్డుగ్ మని ఇంజను పరుగందుకుంది. "తుఫాను మళ్ళీ కదిలి, బలహీనపడుతూ దూరంగా సాగిపోతోంది" అని రేడియో చెప్పింది. ఆ గొంతులో రాత్రంతా ఏడ్చిన బొంగురు ఉంది గానీ, వినేవాళ్ళు జలుబనుకున్నారు.

ఎండెక్కాక ఇంజను చప్పుడు ఆగిపోయింది.

నీళ్ళు నిమ్మళించాయి. ఈసారి గంజి వంక కూడా లేదు. రేవా, అడుగా? ముగ్గురూ తొట్టి చుట్టూ నిలబడిపోయారు. తొట్టి గోడకి నురగ గీత ఒకటి అంటుకుని ఉంది. నీళ్ళు ఆ గీత మీదనుంచి ఒక వెంట్రుకవాసి కిందికి దిగాయి, పైన చిన్న వలయం విచ్చుకుంది.

"ఎవరో పడవ దిగారు" అంది గంజమ్మ.

మళ్ళీ ఒక వలయం. మళ్ళీ ఒకటి. అత్తగారు వేళ్ళు ముడుస్తోంది. నాలుగు. ఇంజను మనిషి ఎప్పుడూ ఆఖర్న దిగుతాడు, అన్నీ కట్టేసి. అయిదోది కోసం చూశారు. చూస్తూనే ఉన్నారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

గంజమ్మ చెప్పులు లేకుండానే రేవు వైపు పరిగెత్తింది. కాళ్ళు అంత సాగని అత్తగారు అక్కడే, తొట్టి అంచు పట్టుకుని ఉండిపోయింది.

"అమ్మా, కూర్చోండి" అన్నాడు షాపాయన.

"మాట్లాడకు. చూస్తున్నా."

ఎంతసేపో. నీళ్ళు ఉన్నట్టుండి గీత వైపు వెంట్రుకవాసి పైకొచ్చాయి.

"ఎక్కింది" అంది అత్తగారు. "నా కోడలు పడవెక్కింది."

ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలో ముసలావిడ పెదాలు నల్లబడ్డాయి. అప్పుడు తొట్టికి ఒక పక్కన నీళ్ళు టపటపమని వణికాయి, ఎవరో పాదం నేలకేసి కొడుతున్నట్టు. ఆగాయి. రెండో పక్కన, అంతకంటే నీరసంగా, టప్ అన్నాయి. మొదటి పక్కన మళ్ళీ టపటపటపా.

అత్తగారు మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో షాపాయనకి అర్థం కాలేదు.

"ఏమైందమ్మా?"

"తిడుతోందయ్యా! అది తిడుతోంది, వాడు ఎదురు చెప్తున్నాడు. కాలు విరిగుంటుంది వెధవకి. పెళ్ళాం మోస్తానంటే పరువు తక్కువ."

టపటపా ఇంకాసేపు సాగింది. చివరికి నీళ్ళు ఒక్కసారిగా, ఇద్దరి బరువంతా కలిపి, గీతకి ఇంకా కిందికి దిగాయి.

"మోసేసింది" అంది అత్తగారు.