చూసుకునేవారి పేరు

అత్తగారిని ఎడమ పక్కకి తిప్పి, వీపు వెనక దిండు సర్ది, తడిసిన దుప్పటి లాగేసరికి జిపార్‌కి నడుం పట్టేసింది. ముసలామెకి పక్షవాతం వచ్చి ఆరేళ్ళు. రెండు గంటలకోసారి తిప్పకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది. మీగడ గిన్నెతో వచ్చిన పొరుగావిడ గుమ్మంలోనే నిలబడి, "అదృష్టవంతురాలివి, చిన్నకొడుకు కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు" అంది మంచం మీది మనిషితో. ఆ చిన్నకొడుకు, జిపార్ భర్త ఎర్మెక్, ఆ మీగడే రొట్టె మీద రాసుకుంటూ, "అమ్మ కదక్కా" అన్నాడు వినయంగా. జిపార్ దుప్పటి తీసుకుని బయటికి నడిచింది. మే నెల వచ్చినా నారిన్ కొండల్లో నీళ్ళు ఇంకా చేతులు కొరికేస్తున్నాయి.

ఎర్మెక్ చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు. అన్నలిద్దరూ రాజధాని బిష్కెక్‌లో స్థిరపడ్డారు కాబట్టి ఆచారం ప్రకారం ఇల్లూ, తల్లీ చిన్నవాడి వంతుకి వచ్చాయి. వంతు అతనిది, చాకిరీ ఆమెది. మొదటి నెలలో ఒకసారి, "మీరూ ఓ చెయ్యి వేయండి" అని అడిగితే ఆడపడుచు పడీపడీ నవ్వింది. "కోడలున్న ఇంట్లో మగాడు మంచం కింది బొచ్చె మోస్తాడా? ఊరు వింటే ఏమంటుంది?" ఎర్మెక్ కూడా నవ్వాడు. ఆ తర్వాత జిపార్ అడగలేదు. అడిగి అనిపించుకోవడం కంటే మోసుకోవడమే తేలికనిపించింది.

గ్రామ కార్యాలయంలో ఆమె ఉద్యోగం కూడా అలాంటిదే. ముప్ఫై ఇళ్ళు తిరిగి, మంచాన పడినవాళ్ళకి ఏం కావాలో రాసుకోవాలి. మధ్యమధ్యలో ఇంటికొచ్చి అత్తగారిని పక్కకి తిప్పి పోవాలి. ఆ రోజు పై అధికారి నుర్జమాల్ అక్క ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. సంక్షేమ పనిలో వాడే మాటలు, వాటి అర్థాలు. 'గోప్యత' అన్నచోట ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో ఊరందరికీ తెలిసిన చోట గోప్యతేమిటి? పేజీ తిప్పితే 'ప్రధాన సంరక్షకులు' అని ఉంది. ఇల్లు ఎవరి పేరున ఉందన్నది కాదు, ఎవరికి ఏమవుతారన్నదీ కాదు. రోజూ తన చేతులతో కడిగి, తినిపించి, పక్క మార్చే మనిషి. జిపార్ పాత ఫారాలు ముందేసుకుంది. ప్రతి ఇంట్లోనూ చిన్నకొడుకు పేరే. ఎవరూ చెప్పకుండానే, తనే, తన గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ ఇళ్ళలో నీళ్ళ బేసిన్ పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళందరినీ కళ్ళారా చూస్తూ కూడా రాసింది. తనింటి ఫారంలో కూడా ఎర్మెక్ అని రాసుకుంది. సిగ్గేసింది. కానీ సిగ్గు పడటానికి కూడా ఓపిక కావాలి కదా.

"ఈ ఏడు మన ఊరికి ఒక్క చోటు ఇచ్చారు" అంది నుర్జమాల్. "ఇస్సిక్ కుల్ సరస్సు దగ్గర విశ్రాంతి గృహంలో పది రోజులు, సంరక్షకులకి మాత్రమే. అందరికంటే బరువైన ఇల్లు మీదే. నీ ఇల్లు నువ్వే అంచనా వేసుకోకూడదు. సాయంత్రం నేనొస్తా."

పది రోజులు. ఎవరూ పిలవని పది రోజులు. వరుసగా నాలుగు గంటలు ఎప్పుడు నిద్రపోయిందో జిపార్‌కి గుర్తు రాలేదు. ఆమెకి ఆ పది రోజులూ కావాలనిపించింది, ఆకలేసినట్టుగా.

సాయంత్రం జిపార్ టీ పోస్తుండగా నుర్జమాల్ ఆ పది రోజుల చోటు గురించీ, దానికి కావలసిన సంతకం గురించీ చెప్పి ఫారం తీసింది. "ఇంట్లో అమ్మని చూసుకునేదెవరు?"

"ఇంకెవరక్కా, నేనే" అన్నాడు ఎర్మెక్. "సరస్సు చూసి ఎన్నేళ్ళయిందో. నడుం నొప్పొకటి. ఆ పది రోజులూ ఇంట్లో వేరొకరు చూసుకుంటారని సంతకం కావాలట కదా, అది మావిడ పెడుతుందిలెండి."

నుర్జమాల్ ఫారంలో అతని పేరు రాసుకుంది. "మందులు తిండికి ముందా, తర్వాతా?"

ఎర్మెక్ భార్య వైపు చూశాడు. "తర్వాత" అంది జిపార్ మెల్లగా. "తర్వాత" అన్నాడతను గట్టిగా.

"గట్టి తిండి మింగుతుందా?"

"నానబెట్టి పెట్టాలి" అని జిపార్ గొణిగింది. "నానబెట్టి పెడతామక్కా" అన్నాడు ఎర్మెక్.

అలవాటు కొద్దీ జవాబులు చెప్పి, తన నిద్రని తానే అతనికి అందిస్తోందని ఆమెకి అప్పుడు తెలిసింది.

"పుండ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి?"

ఎర్మెక్ మళ్ళీ ఆమె వైపు చూశాడు. జిపార్ టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది.

"చెప్పు మరి" అన్నాడు.

"అడిగింది మిమ్మల్ని."

"వీపు మీద... అనుకుంటా."

నుర్జమాల్ రాసిన పేరు కొట్టేసి, పక్కన ఇంకో పేరు రాసింది. ఎర్మెక్ తొంగి చూసి కంగారు పడ్డాడు. మంచం మీంచి అత్తగారు వంకరపోయిన నోటితో, "కోడలా, నన్నొదిలి పోతావా" అంది. జిపార్ లేచి వెళ్ళి ఆ ఎండిన చెయ్యి పట్టుకుంది. "పది రోజులేనత్తయ్యా. వచ్చేస్తా."

"నువ్వెళ్తే అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు ఎర్మెక్.

"మీరే. ఇందాకట్నించీ అదే చెప్తున్నారుగా" అంది జిపార్, సంతకం కాగితం అతని ముందుకి జరుపుతూ.