కాంక్రీటు పడవ

నోరీన్ సోబెక్ మూడో ఏడు సగంలో సాహిత్యం వదిలి సివిల్ ఇంజినీరింగుకు మారింది. తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని లెక్కలు మొదటి నుంచి చదివింది. వాళ్ల నాన్న వాల్ట్ మిల్వాకీలో హైస్కూలు ఇంగ్లిషు మాస్టారు. ఆయన వద్దనలేదు, మెచ్చుకోనూ లేదు.

మా విస్కాన్సిన్‌లో సివిల్ విద్యార్థులు ఏటా కాంక్రీటుతో పడవ చేసి పందేనికి తీసుకెళ్తారు. ముందు ఒక పరీక్ష ఉంటుంది. పడవను నీళ్లతో నింపి ముంచుతారు. వదిలాక దానంతట అదే పైకి రావాలి. రాకపోతే ఇంటికే.

ఆ ఏడాది కాంక్రీటు పాళ్లు తేల్చే పని ఇంకెవరూ తీసుకోకపోవడంతో నోరీన్‌కు వచ్చింది. ఆమె ఇసుక తగ్గించి, తేలికవ్వాలని సన్నటి బోలు గాజుపూసలు కలిపింది. కాంక్రీటును మేమంతా చేతులతో అచ్చు మీద మెత్తాం. మందం ఎవరూ కొలవలేదు. నలుగురు మోయాల్సిన పడవకు ఎనిమిది మంది కావలసివచ్చింది.

పోటీ రోజు సరస్సు ఒడ్డున కెప్టెన్ డ్వేన్ ప్రూయిట్ దాని చుట్టూ తిరిగాడు.

"ఇది పడవ కాదురా, సమాధిరాయి. రెండు కొసల్లో థర్మాకోల్ కూరేద్దాం. మార్కులు పోతే పోనీ."

"వద్దు," అంది నోరీన్.

"తల్లీ, మునిగిన హీరో చివర్లో లేచి రావడానికి ఇది నవల కాదు."

"బరువు పెరిగితే సైజూ పెరిగిందిగా డ్వేన్! మందంతో పని లేదు. ఈ కాంక్రీటు నీళ్లకంటే తేలికా, కాదా? అంతే."

"కాయితం మీద."

అచ్చు తీసినప్పుడు అంచుల నుంచి రాలిన పెంకులు పడవ తెచ్చిన ట్రెయిలర్లో ఉన్నాయి. నోరీన్ ఒక మందపు ముక్క, ఒక పలుచటి ముక్క ఏరి నీళ్లలోకి విసిరింది. రెండూ తేలాయి.

"సరే. పడవ రాకపోతే?"

"పాళ్లు నోరీన్‌వని అందరికీ చెప్పు. మళ్లీ ఇటువైపు రాను."

డ్వేన్ థర్మాకోల్ సంచి పక్కన పెట్టాడు. వాల్ట్ అప్పుడే కాఫీ ఫ్లాస్కుతో వచ్చి అక్కడ నిలబడ్డాడు. ఆ మాట విన్నాడు.

పడవను నింపారు. నలుగురు నొక్కి ముంచారు. న్యాయనిర్ణేత సైగ చేయగానే వదిలారు. పడవ మీద నీళ్లు మూసుకున్నాయి. ముందు ఒక కొస కనబడింది. తర్వాత రెండోది. అంచు మొత్తం నీటి మీదికి వచ్చి ఆగింది.

"పాస్," అంది న్యాయనిర్ణేత. "ఈ పాళ్లు ఎవరివి?"

డ్వేన్ నోరీన్‌ను భుజం పట్టి ముందుకు తోశాడు. "ఈమెవండీ. నేను అడ్డుపడ్డాను కూడా."

"ఏ ఇయర్ అమ్మాయ్?"

"సివిల్‌లో రెండో ఏడండి. అంతకుముందు సాహిత్యం."

"ఆ చదువంతా వృథానేనా మరి?"

"లేదండి. ఇష్టంగానే చదివాను. కానీ నా పని ఇది."

పందెంలో చివరినుంచి రెండోవాళ్లం. ఆ బరువుతో అంతకంటే ముందుకు రాలేం. అయినా ఒడ్డుకొచ్చేటప్పుడు అందరం అరుస్తూనే వచ్చాం. పడవను ట్రెయిలర్ ఎక్కించాలి. వాల్ట్ ఫ్లాస్కు గడ్డిలో పెట్టి, కోటు విప్పి, మా మధ్యలోకి వచ్చాడు.

"ఎక్కడ పట్టుకోమంటావ్?"

"ఇక్కడ నాన్నా. మోకాళ్లు వంచు, నడుం కాదు. నేను చెప్పినప్పుడు ఎత్తు."

ఆమె చెప్పింది. ఎత్తాం.