నూట పది మెట్లు

రోజూ పొద్దున ఆరున్నరకి రెండో అంతస్తు మాస్టారు కిందికి దిగి, మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ మూడో అంతస్తు దాకా ఎక్కి, మళ్ళీ దిగొచ్చి, గేటు పక్క గోడ మీద సుద్దముక్కతో అంకె వేస్తారు. రిటైరైన లెక్కల మాస్టారు. నిన్నటి అంకె చెరిపి ఇవాళ్టిది వేయడం ఆయనకి పళ్ళు తోముకోవడం లాంటిది. బిల్డింగు కట్టిన కొత్తలో అంతస్తుకి పద్దెనిమిది చొప్పున యాభై నాలుగు మెట్లు. ఆ ఆదివారం గోడ మీద నూట తొమ్మిది ఉంది.

ఆ బిల్డింగులో అబద్ధం ఆడితే మెట్టు పుడుతుంది. ఆడినవాళ్ళ అంతస్తుకి ఎక్కే వరసలో, సొరుగు మూసినట్టు టక్కుమని చప్పుడై, నున్నదనం లేని కొత్త మెట్టు ఒకటి లేస్తుంది. ముట్టుకుంటే కాసేపు వెచ్చగా ఉంటుంది. ఆడిన మనిషే మెట్ల దగ్గర నిలబడి నిజం ఒప్పుకుంటే అణిగిపోతుంది. కానీ ఒప్పుకునేవాళ్ళు ఎంతమందని? మాస్టారి వరసలో రెండే ఎక్కువ. తీపి తినడం లేదని కూతురికి ఫోన్లో రెండుసార్లు చెప్పారట. అది ఆయనే అందరికీ చెప్పుకుంటారు, కూతురికి తప్ప.

అసలు దారుణం మొదటి వరస. ఇంటి ఓనరు ఉండేది కింద. కిందివాడికి ఎక్కే మెట్లెక్కడివి? అందుకని ఆయన అబద్ధాలన్నీ ఆయన నెత్తి మీది వరసలో పుడతాయి. లిఫ్టు చెడిపోయి ఆరేళ్ళు. అడిగినప్పుడల్లా ఆయన "వచ్చే వారం వాళ్ళొస్తున్నారు" అంటాడు, పైన టక్కుమంటుంది, ఆయన తలుపేసుకుని టీవీ పెట్టుకుంటాడు. ఆ వరసే నలభై తొమ్మిది మెట్లకి సాగింది. మొదటి అంతస్తు ఖాళీగా పడి ఉంది. అన్ని మెట్లెక్కి ఒకటో అంతస్తులో ఉండటానికి ఎవడికి పట్టింది? కింద కూర్చున్నవాడు నోరు తెరిస్తే పైన ఉన్నవాళ్ళ మోకాళ్ళు అరగాలి. ఇదెక్కడి న్యాయమని ఒక్కరూ నిలదీయలేదు. అలవాటైపోయింది.

మూడో అంతస్తులో రెండు ఇళ్ళు. ఒకదాంట్లో బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుట్టే ఆవిడ, ఆవిడ భర్త. అతను టైల్స్ షాపులో లోడింగు మనిషి. ముప్పై కిలోల పెట్టెలు రోజుకి రెండు వందలు లారీలోంచి దించి, మళ్ళీ ఆటోల్లోకి ఎక్కిస్తాడు. ఎదురింట్లో ఇంటింటికీ తిరిగి పెళ్ళికూతుళ్ళకి అలంకారం చేసే ఆవిడ. కాలర్లావిడ ఆమెని వదిన అని పిలిచేది. ఈ నాలుగు నెలలుగా పిలవడం లేదు.

ఎందుకంటే, నాలుగు నెలలుగా మూడో వరసలో మెట్లు పుడుతూనే ఉన్నాయి. పద్దెనిమిది కాస్తా నలభై దాటుతోంది. పది గంటలు కుట్టుమిషను తొక్కి వచ్చి అవి ఎక్కుతుంటే కాలర్లావిడకి కడుపు మండిపోయేది. ఎదురింటావిడ గేటు దగ్గర ఫోన్లో "బయల్దేరాను, దారిలో ఉన్నాను" అనడం ఎన్నోసార్లు చెవిన పడింది. టక్కుమన్నప్పుడల్లా అది ఆవిడదే అనుకునేది. ఇంకేం, ఒకరోజు వరండాలో పట్టుకుని దులిపేసింది. ఆవిడేమో "నా అబద్ధాలన్నీ గేటు దాటాకే ఆడతాను, కావాలంటే మాస్టారిని అడుగు" అంది. కాలర్లావిడ నమ్మలేదు. భర్త పక్కనే నిలబడి నేల చూపులు చూస్తూ ఉన్నాడు. ఆ నేల చూపులకి అప్పుడే అర్థం తెలిసి ఉంటే బాగుండేది.

తెలిసింది ఆ ఆదివారం మధ్యాహ్నం. ఎదురింటావిడ ఊళ్ళో లేదు, వెళ్ళి నాలుగు రోజులైంది. స్నానాలగదిలోంచి మూలుగు వినిపించి, ఏమైందని కాలర్లావిడ అడిగింది. ఏం లేదు, కాలు బెణికిందన్నాడు. బయట టక్కుమంది.

ఆవిడ తలుపు తీసి చూసింది. నలభై ఒకటో మెట్టు, బూడిద రంగులో, ఇంకా వెచ్చగా. నిండా ఒక నిమిషం దాని మీద కూర్చుంది. నాలుగు నెలలు ఎదురింటి మనిషిని నానా మాటలూ అన్న నోరు అది. లోపలికి వెళ్ళి, "చొక్కా ఎత్తు" అంది.

చొక్కా కింద బిగించి కట్టిన వెడల్పాటి బెల్టు. బెల్టు విప్పితే కుడి గజ్జల దగ్గర నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోతుందని, దగ్గితే బయటికొస్తుందని అతను ఏదో పిల్లి గురించి చెప్పినట్టు చెప్పాడు. నడుం పట్టేసిందని నోరు జారిన పాత లోడింగు మనిషిని షాపువాళ్ళు ఆ సాయంత్రమే ఇంటికి పంపేశారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"షాపువాళ్ళకి చెప్పకపోతే పోనీ," అంది ఆవిడ. "నాకెందుకు చెప్పలేదు? నేనేమైనా సూపర్‌వైజర్నా?"

గొంతు మాత్రం ఎత్తలేదు. ఆవిడ అరిస్తే భయం లేదు, అరవకపోతేనే భయం. మర్నాడు ఫ్యాక్టరీకి సెలవు చెప్పి, అతన్ని నడిపించుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

ఎన్నాళ్ళ నుంచి అని సర్జన్ అడిగితే అతను పది రోజులన్నాడు. ఆవిడ నాలుగు నెలలంది. హెర్నియా, ఆలస్యం చేయకూడదన్నారు. మూడో రోజు ఆపరేషన్ చేసి, లోపల వల లాంటిది పెట్టి కుట్టారు. దగ్గు వస్తే పొట్టకి దిండు అదుముకోవాలి, ముక్కకూడదు, ఆరు వారాలు నీళ్ళ బిందె కూడా ఎత్తకూడదు. "ఆ తర్వాత కూడా ఆ పెట్టెల పని వద్దు," అన్నాడు సర్జన్. "మళ్ళీ జారి పేగు మెలిపడితే ప్రాణం మీదికి వస్తుంది." అతను బుద్ధిమంతుడిలా తలూపాడు. సర్జన్ అటు వెళ్ళగానే సూపర్‌వైజరుకి ఫోన్ చేసి, చిన్న ఆపరేషనే సార్, పది రోజుల్లో వచ్చేస్తానని మెల్లిగా చెప్పాడు. మందుల చీటీతో తిరిగొచ్చిన ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ మాట వింది. ఆసుపత్రిలో మెట్లు పుట్టవు. పుట్టి ఉంటే ఆ వార్డు నిండిపోయేది.

డిశ్చార్జి చేయించుకుని ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు గంటలు. గోడ మీద నూట పది. అతను ఒక చేత్తో రెయిలింగు, ఒక చేత్తో పొట్ట పట్టుకుని పదకొండు మెట్లెక్కాడు. పన్నెండో దాని దగ్గర ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, అక్కడే కూలబడ్డాడు. ఆవిడ దిండు తీసి అతని పొట్టకి ఆనించింది. ఇంకా తొంభై తొమ్మిది.

చప్పుడు విని ఓనరు తలుపు తీశాడు. అయ్యయ్యో అన్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు కదా?

"ఇంకెంత అమ్మాయ్, వచ్చే వారం లిఫ్టువాళ్ళు వస్తున్నారు."

టక్కుమంది. లేచిన మెట్టు సరిగ్గా అతను కూర్చున్న చోటే లేచింది. కింద నుంచి ఎవరో తన్నినట్టయి అతను కుట్లు పట్టుకుని కెవ్వుమన్నాడు.

కాలర్లావిడ కట్టు విప్పి చూసింది. కుట్లు ఊడలేదు. కట్టు సర్ది, భర్త చంకలో చెయ్యేసి లేపి, ఒక్కో మెట్టే కిందికి దించింది. ఓనరు పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే ఆవిడ ఆగలేదు. నేరుగా ఆయన హాల్లోకి వెళ్ళి, టీవీకి ఎదురుగా ఉన్న మంచం మీద భర్తని పడుకోబెట్టి, కాళ్ళ కింద ఆయన దిండే పెట్టింది.

"వచ్చే వారమే కదా బాబాయి గారూ," అంది. "లిఫ్టు రాగానే తీసుకెళ్ళిపోతాను. అప్పటిదాకా ఈయన ఇక్కడే ఉంటాడు."

ఓనరు కాదనాలంటే లిఫ్టు రాదని చెప్పాలి. చెప్పడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు.

అలా ఐదు రోజులు గడిచాయి. ఆవిడ డ్యూటీకి వెళ్ళే ముందు వచ్చి భర్తకి ఒళ్ళు తుడిచి, టాయిలెట్‌కి నడిపించి, మాత్రలు ఏ గంటకి ఏది వేయాలో ఓనరుకే అప్పజెప్పి పోయేది. పగలు మాస్టారు వచ్చి కూర్చునేవారు. షాపులో తోటి లోడింగు మనుషులు నలుగురు బూట్లతోనే లోపలికొచ్చి టీ అడిగారు. అతను పెట్టే గురకకి టీవీ వినబడేది కాదు. కొత్తలో అతను సిగ్గుతో చచ్చిపోయాడు, ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని బతిమాలాడు. ఆవిడ చెవిన పెట్టలేదు. నీ సిగ్గు సంగతి తర్వాత చూస్తానంది. అతని మీద కూడా ఆవిడ కోపం అలాగే ఉంది.

ఆరో రోజు పొద్దున ఓనరు ఆవిడకి ఎదురొచ్చాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. లిఫ్టువాళ్ళు రారమ్మా అన్నాడు.

"ఇక్కడ చెబితే లెక్కలోకి రాదు," అంది ఆవిడ. "మెట్ల దగ్గరికొచ్చి చెప్పండి."

సుద్దముక్కతో మాస్టారు అక్కడే ఉన్నారు. ఊరి నుంచి వచ్చిన ఎదురింటావిడ పై నుంచి తొంగి చూస్తోంది. ఓనరు మొదటి మెట్టు ముందు నిలబడి, చివరికి కక్కాడు.

"నేను వాళ్ళని పిలవలేదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పిలవలేదు. పిలిచే ఉద్దేశమూ లేదు. నేనెక్కేది లేదు కదా అని."

సొరుగులు వరసగా మూసుకున్నట్టు టకటకా చప్పుడైంది. మాస్టారు వేళ్ళు మడుస్తూ ముప్పై రెండు లెక్కపెట్టారు. దుమ్ము అణిగాక చూస్తే ముందున్నవి పద్దెనిమిది మెట్లు. ఓనరు మెచ్చుకోలు కోసం చూసినట్టు చుట్టూ చూశాడు.

"సంతోషం," అంది కాలర్లావిడ. "ఇప్పుడు పిలవండి."

ఆయన పిలిచే దాకా ఆవిడ ఫోన్ ఆయన చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది. తర్వాత భర్తని లేపింది. మొదటి వరస, మాస్టారి ఇరవై, మధ్యలో రెండు చోట్ల కూర్చుని, ఎక్కాడు. మూడో వరస ముందు ఆవిడ అతని చేయి వదిలేసింది. నలభై ఒక్క మెట్లు. ఇవి ఓనరువి కావు. ఏం చేయాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నాలుగు నెలల నుంచి నొప్పి," అన్నాడు. "ఎన్నోసార్లు అడిగావు. ప్రతిసారీ ఏం లేదన్నాను. పని పోతే నీ ముందు ఎలా తిరగాలో తెలియక."

ఇరవై మూడు అణిగాయి. మిగిలిన పద్దెనిమిదీ అతన్ని పట్టుకుని ఎక్కించి, కాలర్లావిడ పైన నిలబడ్డ ఎదురింటావిడ ఎదుటికి వెళ్ళింది. తప్పు నాదే వదినా అంది. ఎదురింటావిడ ముఖం తిప్పుకోలేదు, నవ్వనూ లేదు. నీ సంగతి తర్వాత మాట్లాడతాను, ముందు పక్క వెయ్యి, మనిషి నిలబడలేకపోతున్నాడంది.

అతన్ని మంచం మీద పడుకోబెట్టి, దిండు అందించి, ఆవిడ తలుపు బార్లా తెరిచి వచ్చింది. మెట్లు కనబడేలా కుర్చీ వేసుకు కూర్చుంది.

"మళ్ళీ ఆ పెట్టెలు ఎత్తుతావా?"

"ఎత్తను," అన్నాడు అతను.

బయట టక్కుమంది.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. ఇంత జరిగాక కూడా, కడుపు కోసి కుట్టాక కూడా, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి. చేతిలో ఉన్న మాత్రల డబ్బా గోడకేసి కొట్టింది. మాత్రలు గదంతా చెల్లాచెదురయ్యాయి. ఒంటిదాన్ని చేసి పోదామనుకుంటున్నావు, ఆ మాటే మొహం మీద చెప్పి పో అంది.

అతను ఆ కొత్త మెట్టు వైపు నుంచి చూపు తిప్పి, ఫోన్ తీసి సూపర్‌వైజరుకి చేశాడు. పది రోజుల్లో వస్తానన్నది అబద్ధం సార్ అన్నాడు. హెర్నియా అని, నాలుగు నెలలు బెల్టు కట్టుకుని ఎత్తానని, ఇక ఎత్తనని, ఎత్తితే చస్తానని చెప్పాడు. సరుకు లెక్క చూసే పని ఇస్తే వస్తానని, లేకపోతే వేరే చోట వెతుక్కుంటానని అన్నాడు. అటు నుంచి చూద్దామన్నారు. ఆ చూద్దాంలో నిజమెంతో తెలుసుకోవడానికి ఆ షాపుకి మెట్లు లేవు. అతను ఫోన్ పెట్టేశాడు.

"ఎత్తను," అన్నాడు మళ్ళీ.

ఇద్దరూ చెవులు రిక్కించారు. కింద మాస్టారి సుద్దముక్క గోడ మీద గీస్తున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

ఆవిడ నేల మీదికి వంగి, ఒక్కో మాత్రా ఏరి డబ్బాలో వేసింది. మధ్యాహ్నానిది అతని చేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించింది.

"నాకు మాత్రం కోపం తగ్గలేదు," అంది.

ఆ మాటకీ మెట్టు లేవలేదు.