పొలమారిన ముద్ద

నవనీత మనుషుల ఎదుట అన్నం తినడం మానేసి రెండేళ్లు కావస్తోంది. కొండాపూర్‌లోని ఆమె ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఈ రోజుల్లో ఆఫీసుల్లో తినేవాళ్ల కంటే మానేసినవాళ్లకే గౌరవం ఎక్కువ. "ఫాస్టింగ్ చేస్తున్నాను" అని ఒక్క మాట అంటే చాలు, రెండో ప్రశ్న ఉండదు. పైగా ఎంత తగ్గావని అసూయపడతారు.

అసలు సంగతి వేరు. ఒంటరిగా కూర్చుంటే ఆమె శుభ్రంగా తింటుంది. తోడుగా ఇంకొక మనిషి కూర్చున్నారంటే మాత్రం మొదటి ముద్దకే పొలమారుతుంది. ఏదో దగ్గి ఊరుకోవడం కాదు, కళ్లు ఎర్రబడి, ఊపిరి అందక, పక్కవాళ్లు కంగారుగా లేచి నిలబడేదాకా పోతుంది. చేయి నోటి దగ్గరికి వెళుతుండగా, పక్కన ఎవరో కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు అనిపిస్తుంది. మరుక్షణం ముద్ద అడ్డం పడుతుంది. టీ తాగినా, నీళ్లు తాగినా ఏమీ కాదు. మెతుకు దగ్గరే పేచీ. గొంతు డాక్టరు గొట్టం దింపి చూసి, లోపల అంతా బాగుందమ్మా, టెన్షన్ తగ్గించుకోండి అని చెప్పి ఫీజు తీసుకున్నాడు.

ఇది మొదలైంది ప్రొద్దుటూరులో, కన్నతల్లి దగ్గరే. నవనీత భర్త వంశీ ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రమాదంలో పోయిన కొత్త. తల్లీకూతుళ్లు అన్నానికి కూర్చున్నారు. నవనీతకు పొలమారింది. పొలమారితే మన ఇళ్లలో ఏం చేస్తారో అదే చేసింది అనసూయమ్మ. చేయి చాచి కూతురి నడినెత్తిన తడుతూ, "ఎవురో తలుచుకుంటాండార్లే, నీళ్లు తాగు" అంది.

అని ఆగిపోయింది. చేయి నెత్తి మీదే ఉండిపోయింది. తలుచుకోవడానికి ఇంకెవరున్నారు? ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ మర్నాటి నుంచి అనసూయమ్మ కూతురికి అన్నం వడ్డించి, ఏదో పని గుర్తొచ్చినట్టు పెరట్లోకి వెళ్లిపోయేది. తల్లి కూడా తన పక్కన కూర్చోవడానికి భయపడుతోందని తెలిశాక నవనీత ప్రొద్దుటూరు వెళ్లడం తగ్గించింది.

ఇదిలా ఉండగా దినేశ్ వచ్చాడు. అదే ఆఫీసు, పక్క టీము. సొంత ఊరు ఆఫీసు పక్కనే ఉన్న గోపన్‌పల్లి. అక్కడ పుట్టి అక్కడే పెరిగినవాడు ఇవాళ రేపు వెతికినా దొరకడు. ఎనిమిది నెలలుగా ఇద్దరూ సాయంత్రాలు టీ తాగుతున్నారు. మితంగా మాట్లాడతాడు, ఎదుటివాళ్లు మాట వెతుక్కుంటుంటే తాను అందించడు, ఆగుతాడు. ఆ ఆగడం నవనీతకు నచ్చింది. పెళ్లి చేసుకుందామా అని అతను అడిగిన రోజు ఆమెకు సంతోషం, భయం ఒకేసారి వచ్చాయి. కలిసి ఒక్క ముద్ద తినలేని తను కాపురం ఎలా చేస్తుంది? జీవితాంతం మొగుడికి అన్నం వడ్డించి పెరట్లోకి వెళ్లిపోవాలా?

వంశీ సంగతి దినేశ్ ఇంట్లో ముందే చెప్పాడు. ఆమె ఏమీ తేల్చకముందే దినేశ్ తల్లి భూలక్ష్మి కబురు పెట్టింది. "మనిషిని తినేకాడ జూడాలె. ఇంటికి తీస్కరా" అని.

ఇంటికి అంటే కుదరదనుకుంది నవనీత. మన ఇళ్లలో బంతికి కూర్చుంటే ఎవరి ఆకులో ఏముందో అందరికీ కావాలి. చూడకపోతే మర్యాద కాదు. వద్దన్నా ఇంకో గరిటె పడుతుంది. అదే పెద్ద రెస్టారెంటులో అయితే ఎవరి ప్లేటు వారిది. పక్కవాళ్ల ప్లేటులోకి తొంగిచూడటమే తప్పు. కత్తితో కోసి, ఫోర్కుతో అటు ఇటు జరిపి, ఆకు కింద ముక్క దాచి, నాప్‌కిన్‌తో పెదవులు అద్దుకుంటే భోజనం చేసినట్టే లెక్క. ఆమె బతిమాలి ఆదివారం మధ్యాహ్నానికి కోకాపేటలో ఒక టవరు పైన టేబుల్ బుక్ చేయించింది. గట్టెక్కితే సరే. పొలమారిందా, ఇక దినేశ్‌కు వద్దని చెప్పేయాలని తనలో తాను ఒట్టు పెట్టుకుంది.

భూలక్ష్మి పట్టుచీర కట్టుకుని, చేతుల నిండా గాజులతో వచ్చింది. నలుగురు పట్టే టేబుల్. తల్లీకొడుకులు ఒకవైపు, నవనీత ఇంకోవైపు. నవనీత పక్క కుర్చీలో ఆమె హ్యాండ్‌బ్యాగు. భూలక్ష్మి గాజు గోడలోంచి కిందికి చూసి, "మా అన్న జొన్నచేను ఈడనే ఉండె. గిప్పుడు యాడుందో ఏమో, అన్నీ ఒక్కతీరే కనవడ్తున్నయ్" అని ఒక నిట్టూర్పుతో చేనుకు నీళ్లొదిలి, మెనూ కొడుకు వైపు తోసేసింది.

సూపు వచ్చింది. సూపుతో ఇబ్బంది లేదు, నవనీత తాగింది. తరువాత పళ్లెమంత ప్లేటు మధ్యలో గుప్పెడు తెల్లటి ముద్ద, పైన రెండు ఆకులు పెట్టి తెచ్చారు. రిసోటో అన్నాడు దినేశ్.

"గిదేంది? జొరమొచ్చినోళ్లకు పెట్టే మెత్తటి బువ్వ గదరా" అంది భూలక్ష్మి.

"అమ్మా, జర మెల్లగ. అందరు చూస్తున్నరు."

"సూడనీ. నేనేమన్న దొంగతనం జేస్తున్ననా?" అంటూ ఫోర్కు పక్కన పెట్టి, గాజులు వెనక్కి తోసుకుని, చేత్తో కలుపుకుంది. పక్క టేబుల్ అమ్మాయిలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. దినేశ్ సిగ్గుపడలేదు కానీ కాస్త వంగి కూర్చున్నాడు.

నవనీత తన పని మొదలుపెట్టింది. ముద్ద విడదీస్తుంది, జరుపుతుంది, నాప్‌కిన్ అందుకుంటుంది, ఏదో అడుగుతుంది. కాసేపు సాగింది కూడా. కానీ ఎదురుగా ఉన్నది గోపన్‌పల్లి భూలక్ష్మి. ఆమెకు పక్కవాళ్ల ప్లేటులోకి చూడకూడదని ఎవరూ నేర్పలేదు.

"ఏం బిడ్డా, తింటలేవేంది? గెలుకుతున్నవంతే."

"తింటున్నాను ఆంటీ."

"యాడ తింటున్నవ్? పెట్టింది పెట్టినట్టే ఉంది." అని టేబుల్ మీదుగా వంగి, తన ప్లేటులోంచి ఒక ముద్ద చేసి నవనీత నోటి ముందు పెట్టింది. "నా చేతిది ఒక్కటి తిను. కాదనకు."

పెద్దావిడ ముద్ద పట్టుకుంటే కాదనే చదువు ఏ ఆఫీసులోనూ చెప్పలేదు. నవనీత దినేశ్ వైపు చూసింది. అతను నవ్వుతున్నాడు, పాపం, సంతోషంగా. ఆమె నోరు తెరిచింది. పక్కన హ్యాండ్‌బ్యాగు ఉన్న కుర్చీ కదిలినట్టయింది.

పొలమారింది.

ఈసారి ఎప్పటికంటే గట్టిగా పట్టుకుంది. రెండు చేతులూ టేబుల్ అంచు పట్టుకున్నాయి. గ్లాసు దొర్లింది. వెయిటరు పరుగెత్తుకొచ్చి, "మేడమ్‌కి జీడిపప్పు ఏమైనా పడదాండీ?" అని అడిగాడు. ఇంకొకడు వీపు మీద చరచడానికి చేయెత్తాడు. "ఆగు, వీపు గాదు" అని వాడిని పక్కకు తోసి, భూలక్ష్మి టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి, నవనీత నడినెత్తిన అరచేత్తో తట్టడం మొదలుపెట్టింది.

"ఎవలో యాది జేస్తున్నరు. ఎవలు బిడ్డా? మీ అమ్మనా?" తగ్గలేదు. "మీ నాయినా? అన్నదమ్ములున్నరా?" తగ్గలేదు. నవనీత పెదవులు నీలంగా మారుతున్నాయి. భూలక్ష్మి తట్టడం ఆపకుండానే కొడుకు వైపు తిరిగింది. "ఈ పిల్ల పెనిమిటి పేరేందిరా?"

దినేశ్ నవ్వు ఎప్పుడో పోయింది. ఒక క్షణం తల్లిని, నవనీతను చూశాడు. "వంశీ" అన్నాడు.

"వంశీ యాది జేస్తున్నడా?"

దగ్గు ఆగిపోయింది, గొంతులోంచి ఎవరో వేలు తీసేసినట్టు. నవనీత ఊపిరి పీల్చుకుంది. పక్క కుర్చీ వైపు చూడాలంటే మెడ తిరగలేదు. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నది ఇంత మంది మధ్య, ఇంత వెలుతురులో బయట పడింది. అయిపోయింది అనుకుంది. ఈ సంబంధమూ అయిపోయింది, తన బతుకూ అయిపోయింది.

భూలక్ష్మి ఆమె తల తన పొట్టకు ఆనించుకుని నిలబడింది. కాసేపయ్యాక, మామూలు సంగతి అడిగినట్టు అడిగింది.

"తిని పోయిండా?"

ఎలా పోయాడని రెండేళ్లలో అందరూ అడిగారు. యాక్సిడెంట్ అని చెప్పేది. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

"లేదమ్మా. నేను రాకుండా తినేవాడు కాదు, తను రాకుండా నేను తినేదాన్ని కాదు. ఆ రోజు లేటయింది. ఆకలి దంచేస్తోంది, వడ్డించి పెట్టు, పది నిమిషాల్లో వస్తానని ఫోన్ చేశాడు. రెండు ప్లేట్లూ వడ్డించాను. అన్నం మీద పప్పు కూడా వేసి పెట్టాను. ఆకలితోనే పోయాడమ్మా. నా ఎదురుగా అన్నం చల్లారిపోతూనే ఉంది."

ఏడుపు వచ్చింది. ఈ మాట తల్లికి కూడా చెప్పలేదు.

"గందుకే" అంది భూలక్ష్మి. కొడుకుతో కాదు, నవనీతతో కాదు, పక్కనున్న కుర్చీతో అన్నట్టుంది. హ్యాండ్‌బ్యాగు తీసి కింద పెట్టింది. వెయిటరును పిలిచింది. "ఇంకో ప్లేటు తీస్కరా, బాబూ."

"ఇంకెవరైనా వస్తున్నారాండీ?"

"వచ్చిండు."

వెయిటరు దినేశ్ వైపు చూశాడు. తెమ్మన్నట్టు దినేశ్ తల ఊపాడు. ప్లేటు వచ్చింది, దానితో పాటు మర్యాదగా కత్తి, ఫోర్కు, మడత పెట్టిన నాప్‌కిన్ కూడా వచ్చాయి. ఈ పెద్ద హోటళ్లలో అదొక సుఖం, ఎందుకని అడగరు.

"ఇంటికొచ్చినోన్ని ఆకలితోని నిలబెట్టి, మనమే తింటుంటే ఊకుంటడా? నేనైతే ఊకోను. పెట్టు బిడ్డా, నువ్వే పెట్టు. ఏ బువ్వయితేంది."

నవనీత స్పూను అందుకుంది. తన ప్లేటులో ముట్టనిదంతా ఆ ప్లేటులోకి మార్చింది. సరిపోదనిపించింది. వంశీ బాగా తినే మనిషి. అడగకుండానే దినేశ్ తన ప్లేటు ముందుకు జరిపాడు. అందులోంచీ వడ్డించింది. నీళ్లు పోసి పెట్టింది. ఇప్పుడు తల తిప్పి ఆ కుర్చీ వైపు చూడగలిగింది. ఖాళీ కుర్చీ. ఖాళీ కుర్చీని చూసి ఇంత భయం, ఇంత ప్రేమ ఒకేసారి కలుగుతాయని ఆమెకు తెలియదు.

"ఇగ నువ్వు తిను."

తన ప్లేటుకు అంటుకున్న నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుంది. గొంతు దిగాయి. ఇంకో నాలుగు పెట్టుకుంది. అవీ దిగాయి. ఉప్పు తక్కువైందని తెలిసింది. రెండేళ్ల తరువాత మనుషుల మధ్య కూర్చుని, ఉప్పు తక్కువైందని తెలిసింది. దినేశ్ ఇంకాస్త రిసోటో తెప్పించాడు. ముగ్గురూ తిన్నారు. మధ్యలో ఒకసారి భూలక్ష్మి నాలుగో ప్లేటు వైపు చూసి, "సిగ్గువడకు" అంది.

తినడం అయ్యాక వెయిటరు వచ్చి మూడు ప్లేట్లు ఎత్తి, నాలుగో దాని దగ్గర ఆగాడు. "ఇది తీసేయమంటారాండీ?"

నవనీత కుర్చీ వైపు చూసింది. తీసేయమంటే తానే వంశీని చేయి పట్టి లేపేసినట్టు ఉంటుంది. ఉంచమంటే ఎప్పటిదాకా? దినేశ్ ఆమె మొహం చూశాడు.

"ఉండనీయండి" అన్నాడు. "ఆయన ఇంకా తింటున్నరు. మాకు తొందర లేదు."

ఆ మాటకు నవనీత తల ఎత్తి అతన్ని చూసింది. అతను వేళాకోళానికి అనలేదు. బంతిలో ఒకరు తింటుండగా మిగతావాళ్లు లేవకూడదు గనక కూర్చున్నాడు, అంతే. భూలక్ష్మి కూడా ఎంగిలి చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క టేబుళ్లు ఖాళీ అయ్యాయి. రాత్రి భోజనాల కోసం కొత్త బట్టలు పరుస్తున్నారు. ఎవరూ ఫోను తీయలేదు. నవనీత ఆ కుర్చీకి నోరు విప్పకుండానే ఒక్కొక్కటీ చెప్పింది. అమ్మ దగ్గర ఎక్కువ రోజులు ఉండలేకపోయానని చెప్పింది. కారు అమ్మేశానని చెప్పింది. ఎదురుగా ఉన్న మనిషి మంచివాడని కూడా చెప్పింది.

వెయిటరు మళ్లీ వచ్చాడు. ప్లేటు నిండుగానే ఉంది. అన్నం మీద సన్నటి పొర కట్టింది. పాపం, కుర్రాడు బాగా ఆలోచించి, అన్నం వృథా కావడం ఇష్టం లేక, మెల్లగా అడిగాడు.

"పార్సిల్ చేయమంటారాండీ? ఇంటికి పట్టుకెళ్తారా?"

భూలక్ష్మి ఏదో అనబోయి, నోరు మూసుకుంది. దినేశ్ ఆగాడు.

ఇంటికి అన్న మాట నవనీతను పట్టుకుంది. ఒక్క ఊ అంటే చాలు. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని, తన ఫ్లాటుకు వెళ్లి, తలుపు గడియ పెట్టుకుని, మళ్లీ రెండు ప్లేట్లు వేసుకోవచ్చు. వంశీ ఎక్కడికీ వెళ్లడు. ఎప్పటికీ ఆకలిగానే ఉంటాడు, ఎప్పటికీ తన దగ్గరే ఉంటాడు. అది తనకు ఎంత కావాలో అప్పుడే తెలిసింది ఆమెకు. ఇన్నాళ్లూ అతను తనను వదలడం లేదనుకుంది.

ఆమె ప్లేటు మీద చేయి పెట్టింది. చల్లగా ఉంది.

"వద్దండీ" అంది. "ఆయన తిన్నాడు."